కళాకారులకు అత్యవసర సాయంపై ప్రభుత్వ కళా సంస్థలను సర్వే చేయాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న అడిగినవారు తిరుపతిలో పరిశోధన చేస్తున్నారు. కరోనా కాలంలోనూ, 2021 నవంబరు వరదల్లోనూ ప్రభుత్వ కళా సంస్థలు కళాకారులకు ఏ మేరకు అత్యవసర ఆర్థిక సాయం చేశాయో తెలుసుకోవాలనుకుంటున్నారు. చిత్తూరు, తిరుపతి జిల్లాల వరకు సర్వే. యాభై ప్రశ్నల గూగుల్ ఫారం సిద్ధంగా ఉందట. ఎన్ని సంస్థలకు పంపాలి, శాంపిల్ ఎలా తీయాలి, జవాబులు రాకపోతే ఏం చేయాలి అన్నవి వారి సందేహాలు.

సూటిగా చెప్తాను. శాంపిల్ తీయొద్దు, జాబితాలో ఉన్న ప్రతి సంస్థనూ అడగండి. యాభై ప్రశ్నలను పది పన్నెండుకు తగ్గించండి. గూగుల్ ఫారం పక్కన పెట్టి, కాగితం మీద తెలుగు ఫారంతో స్వయంగా వెళ్ళండి. అన్నిటికన్నా ముఖ్యంగా "ఎంత సాయం చేశారు?" అనే ఒక్క ప్రశ్నను నాలుగుగా విడగొట్టండి: ప్రకటించింది ఎంత, మంజూరైంది ఎంత, విడుదలైంది ఎంత, కళాకారుడి చేతికి చేరింది ఎంత. ఈ నాలుగూ ఒకే అంకెగా రాసుకుంటే మీ థీసిస్ ఎంత లావుగా ఉన్నా అందులోంచి ఏమీ తేలదు.

నేను గణాంక విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆఫీసులకు ఫారాలు పంపడం, వాటి వెంటపడి అంకెలు రాబట్టడం, వచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా లేదా చూడటం నా ఉద్యోగం. ఆ తర్వాత చిత్తూరు చుట్టుపక్కల వీధినాటకం, హరికథ కళాకారుల బతుకుదెరువు మీద జరిగిన అధ్యయనాలకు ఫారాలు తయారుచేసి ఇచ్చాను. కింద రాసేదంతా ఆ అనుభవంతోనే.

శాంపిల్ ఎందుకు వద్దంటే

మీ ప్రశ్న చూస్తే విదేశీ సర్వేల పద్ధతి చదివినట్టు తెలుస్తోంది. అమెరికాలో ఇలాంటి సర్వే చేసేవాళ్ళకు జాబితా ముందే చేతిలో ఉంటుంది. రాష్ట్రాలకు, అమెరికా ఆధీనంలోని ప్రాంతాలకు కలిపి 56 ప్రభుత్వ కళా సంస్థలు ఉన్నాయి. కరోనా సాయం కోసం 2020 మార్చిలో వచ్చిన కేర్స్ చట్టం కింద అక్కడి జాతీయ కళా సంస్థకు 7.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో 40 శాతం రాష్ట్ర, ప్రాంతీయ సంస్థలకు వెళ్ళింది. 2021లో మరో చట్టం కింద 13.5 కోట్ల డాలర్లు వచ్చాయి. బ్రిటన్‌లో 2020 జులైలో 157 కోట్ల పౌండ్లతో సాంస్కృతిక రంగానికి ఒక నిధి ప్రకటించారు. అంటే అక్కడ నిధికి పేరుంది, చట్టం ఉంది, ఇచ్చిన సంస్థ ఏదో అందరికీ తెలుసు. "ఆ నిధిలోంచి మీకెంత వచ్చింది, దాన్ని ఎలా పంచారు?" అని అడిగితే జవాబిచ్చే మనిషి తడుముకోనక్కర్లేదు.

మన దగ్గర అలా ఒకే పేరుతో ఒక నిధి లేదు. ఇచ్చింది కూడా రకరకాల పద్దుల్లో ఇచ్చారు. ఒకచోట ఆన్‌లైన్ కార్యక్రమం చేయించి దానికి రెమ్యునరేషన్ ఇచ్చారు. ఒకచోట నిత్యావసర సరుకుల కిట్లు పంచారు. ఇంకోచోట ఎప్పుడో రావాల్సిన పాత బిల్లును ఆ టైములో విడుదల చేశారు, కళాకారుడు దాన్నే సాయమనుకున్నాడు. కాబట్టి జాబితా మీరే తయారుచేసుకోవాలి. అది సర్వేలో సగం పని.

జాబితా ఎలా ఉంటుందో చూడండి. ఢిల్లీ స్థాయిలో కేంద్ర సాంస్కృతిక శాఖ, సంగీత నాటక అకాడమీ, లలిత కళా అకాడమీ. ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు దేశంలో ఏడుంటే ఆంధ్రప్రదేశ్ రెండింటిలో సభ్యురాలు, తంజావూరులోని దక్షిణ మండలం ఒకటి, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండలం ఇంకొకటి. చాలామంది తంజావూరు ఒక్కటే రాసుకుని ఊరుకుంటారు. రాష్ట్ర స్థాయిలో భాషా సాంస్కృతిక శాఖ, రాష్ట్ర సృజనాత్మకత, సంస్కృతి సమితి, అకాడమీలు. జిల్లాకు వస్తే కలెక్టరేట్, సమాచార పౌర సంబంధాల శాఖ, పర్యాటక శాఖ. ఉగాదికో, జిల్లా ఉత్సవాలకో కళాకారులను పిలిపించే పని చాలావరకు వీళ్ళదే. శ్రీకాళహస్తి కలంకారీ, మాధవమాల చెక్క బొమ్మల వాళ్ళు అసలు సాంస్కృతిక శాఖ కిందికే రారు. వాళ్ళ ఫైళ్ళు కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల విభాగం వైపు ఉంటాయి. డప్పు కళాకారుల పింఛన్లు సాంఘిక భద్రతా పింఛన్లలో భాగం, దాని లెక్క గ్రామీణాభివృద్ధి వైపు దొరుకుతుంది.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైనది ఒకటుంది. ఇక్కడ కళాకారుడికి అసలు పోషకులు దేవస్థానాలు. టీటీడీలో హిందూ ధర్మప్రచార పరిషత్తు, దాస సాహిత్య ప్రాజెక్టు, అన్నమాచార్య ప్రాజెక్టు ఉన్నాయి. సంగీత నృత్య కళాశాల ఉంది. కాణిపాకం, శ్రీకాళహస్తి దేవస్థానాలు దేవాదాయ శాఖ కిందివి. ఇవి "కళా సంస్థలు" కావని మీ గైడు అనవచ్చు, నిర్వచనం ప్రకారం ఆయన మాట తప్పు కాదు. కానీ తిరుపతిలో కూర్చుని వీటిని వదిలేసి సర్వే చేస్తే, భజన మండళ్ళకూ నాదస్వర విద్వాంసులకూ హరికథ భాగవతులకూ ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో మీకు తెలియదు. నా సలహా ఏమిటంటే వీటిని వేరే వర్గంగా పెట్టి అవే ప్రశ్నలు అడగండి, ఫలితాలు మాత్రం విడిగా చూపండి.

ఇవన్నీ కలిపినా ఇరవై ముప్పై మించవు. అంత చిన్న జాబితాలోంచి శాంపిల్ తీయడానికి అర్థం లేదు.

2022 ఏప్రిల్ 4 తేదీని ఫారం పైన రాసి పెట్టుకోండి

తిరుపతి జిల్లా ఏర్పడింది ఆ రోజు. మీరు అడుగుతున్న కరోనా, 2021 వరదలు రెండూ అంతకు ముందువి. అంటే ఈ రోజు తిరుపతి కలెక్టరేట్‌కు వెళ్ళి "2020-21లో శ్రీకాళహస్తి కళాకారులకు ఏమిచ్చారు?" అంటే వాళ్ళు నిజాయితీగానే "మా దగ్గర లేదు" అంటారు. ఆ నాటి ఫైలు చిత్తూరులో ఉండాలి, లేదా విభజనప్పుడు మారిన కట్టల్లో ఉండాలి. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు మండలాలు నెల్లూరు నుంచి వచ్చాయి, వాటికి నెల్లూరు వెళ్ళాలి. మదనపల్లె వైపువి అప్పట్లో అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. ప్రతి జిల్లా ఆఫీసు ఫారంలోనూ "ఈ కాలానికి సంబంధించిన రికార్డు ప్రస్తుతం ఎక్కడ ఉంది?" అనే గడి పెట్టండి. "లేదు" అన్న జవాబు సాయం జరగలేదనా, ఫైలు వేరేచోట ఉందనా అన్నది ఆ గడి లేకపోతే ఎప్పటికీ తెలియదు.

ఒకసారి ఒక ఆఫీసు నుంచి మాకు "నిల్" అని రాసి, సంతకం పెట్టిన ఫారం వచ్చింది. అదే ఆఫీసు సాయం చేసిందని ఒక బృందం పెద్ద చెప్పి ఉన్నాడు, చేతిలో పాస్‌బుక్ ఎంట్రీ కూడా ఉంది. వెళ్ళి అడిగితే, ఫారం నింపిన సెక్షన్ గుమస్తా, "మా సెక్షన్లో అట్లాంటిది ఏమీ లేదు సార్, అందుకే నిల్ రాసినాం" అన్నాడు. పక్క గదిలో అకౌంట్స్ సూపరింటెండెంట్ గారు బీరువాలోంచి ఆ ఏడాది క్యాష్ బుక్ తీశారు. ఎర్ర సిరాతో నెలాఖరు గీతలు, పక్కన వోచర్ నంబర్లు. జూన్ పేజీలో ఉంది ఎంట్రీ. పద్దు పేరు "ఇతర కార్యక్రమాల ఖర్చు". సాయం అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు పథకాల ఫైలు చూశారు, ఇంకొకరు డబ్బు పద్దు చూశారు. అందుకే మీ ఫారం ఒక సెక్షన్‌తో ఆగకూడదు. పథకం చూసే సెక్షన్‌కు కొన్ని ప్రశ్నలు, అకౌంట్స్‌కు కొన్ని ప్రశ్నలు అని ఫారాన్ని రెండు పేజీలుగా విడదీయండి, ఒక్కో పేజీ కింద ఎవరు నింపారో హోదా రాయించుకోండి.

"అత్యవసర సాయం" అంటే ఏమిటో మీరే ముందు గీత గీయాలి

ఈ మాట ఒక్కో ఆఫీసులో ఒక్కో అర్థంలో వాడతారు. డప్పు కళాకారుల నెల పింఛను అత్యవసర సాయం కాదు. అది ఎప్పుడూ వచ్చేదే. కేంద్రం వృద్ధ కళాకారులకు ఇచ్చే నెలసరి సాయమూ అంతే. కానీ అడగకుండా వదిలేస్తే వాటిని కూడా కలిపి పెద్ద అంకె రాసి పంపుతారు. విపత్తు వల్లే, విపత్తు కాలంలోనే, మామూలుగా ఇచ్చేదానికి అదనంగా ఇచ్చింది మాత్రమే లెక్కలోకి వస్తుందని ఫారం మొదటి పేజీలోనే రెండు వాక్యాల్లో రాయండి. ఆ కింద "లెక్కలోకి రానివి" అని పింఛను, పాత బకాయిలు, అవార్డు సొమ్ము రాయండి. ఆన్‌లైన్ కార్యక్రమాలకు ఇచ్చిన డబ్బును మాత్రం వేరే గడిలో అడగండి. అది సాయమా, చేసిన పనికి కూలీనా అన్నది చర్చించాల్సిన విషయమే, కానీ మీ థీసిస్‌లో చర్చించండి, ఫారంలో కాదు.

విపత్తు సహాయ నిధి నిబంధనలు కూడా ఒకసారి చదవండి. వరద, తుపానుల్లో చేనేత, హస్తకళల వాళ్ళకు పనిముట్లు పోయినా, ముడిసరుకు పోయినా సాయం చేయడానికి అందులో పద్దు ఉంది. కలంకారీ కళాకారుడి బట్టలు, రంగులు తడిసిపోతే అడగడానికి ఒక దారి ఉందన్నమాట. అదే వీధినాటకం వాళ్ళ పెట్టె తడిస్తే? కిరీటాలు, భుజకీర్తులు తేలిక చెక్కతో చేసి, మీద రంగు కాగితాలు, అద్దం ముక్కలు అంటిస్తారు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి ఊళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు అలాంటి ఒక పెట్టెను నేను చూశాను. జిగురు వదిలి అద్దాలన్నీ అడుగున కుప్పగా పడి ఉన్నాయి, చెక్క ఉబ్బి కిరీటం తలకు పట్టకుండా పోయింది. బృందం పెద్ద వాటిని ఎండలో పరిచి ఒక్కో అద్దం ముక్కా ఏరుకుంటున్నాడు. నష్టం అంచనా రాయడానికి వచ్చిన ఉద్యోగి ఇల్లు ఎంత దెబ్బతింది, పశువులు పోయాయా అని అడిగి రాసుకుని వెళ్ళాడు. నాటక సామాను రాయడానికి ఆయన ఫారంలో గడి లేదు. ఇది ఆ ఉద్యోగి తప్పు కాదు. సాయం ఎందుకు అందలేదో తెలుసుకోవాలంటే ఏ గడి లేదో వెతకాలి. మీ సర్వేలో "ఏ నిబంధన లేదా పద్దు కింద ఇచ్చారు?" అనే ప్రశ్న తప్పనిసరిగా ఉండాలని ఇందుకే అంటున్నాను. కరోనాను 2020 మార్చి 14న కేంద్రం విపత్తుగా పరిగణించి ఈ నిధి వాడుకోవడానికి అనుమతిచ్చింది. కానీ అనుమతించిన పనులు క్వారంటైన్, పరీక్షలు, వైద్య సామగ్రి లాంటివి. ఆదాయం పోయిన కళాకారుడు అందులో లేడు.

నాలుగు అంకెలు, ఒక ఐదోది

ప్రకటించిన మొత్తం పేపర్లో దొరుకుతుంది. మంజూరైంది జీవోలోనో, ప్రొసీడింగ్స్‌లోనో ఉంటుంది. విడుదలైంది బడ్జెట్ విడుదల ఉత్తర్వులో ఉంటుంది. చేరింది బిల్లు పాసై ఖాతాలో పడ్డాక తెలుస్తుంది. ఈ మెట్ల మధ్య డబ్బు ఆగుతుంది. మంజూరై విడుదల కానివి ఉంటాయి, విడుదలై మార్చి 31లోగా బిల్లు పెట్టక మురిగిపోయినవి ఉంటాయి.

ఐదోది చాలామంది అడగరు. ఖాతాలో పడకుండా తిరిగొచ్చిన సొమ్ము. మన జిల్లాలో పల్లెటూరి కళాకారులకు ఎక్కువగా ఆంధ్రా బ్యాంకులోనో, సిండికేట్ బ్యాంకులోనో, సప్తగిరి గ్రామీణ బ్యాంకులోనో ఖాతాలుండేవి. సరిగ్గా లాక్‌డౌన్ వేళ, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసిపోయాయి. తర్వాత ఏడాది పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు పనిచేయడం ఆగిపోయాయి. ఎప్పుడో ఇచ్చిన పాస్‌బుక్ జిరాక్స్ చూసి బిల్లు పెడితే డబ్బు వెనక్కి రాక ఏమవుతుంది? ఆఫీసు లెక్కలో ఖర్చయినట్టు, కళాకారుడి లెక్కలో రానట్టు. "చెల్లింపు విఫలమై తిరిగొచ్చిన కేసులు ఎన్ని? వాటిని మళ్ళీ పంపారా?" అని అకౌంట్స్ పేజీలో అడగండి. ఈ ప్రశ్నకు జవాబిచ్చే ఉద్యోగి ఇబ్బంది పడడు కూడా, ఎందుకంటే తప్పు ఆయనది కాదు. మీ సర్వేలో కళాకారులకు నేరుగా మేలు చేయగల ప్రశ్న ఇదేనని నా నమ్మకం. తిరిగొచ్చిన సొమ్ము జాబితా బయటపడితే ఇప్పటికైనా ఎవరో ఒకరు అడగగలరు.

సున్నాలో కూడా రకాలుంటాయి

"సాయం చేయలేదు" అన్న జవాబు ఎక్కువ సంస్థల నుంచి వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. దాన్ని ఒక్క సున్నాగా వదిలేయకండి. ఎవరూ అడగలేదా? అడిగారు గానీ నిబంధన లేదా? నిబంధన ఉంది గానీ నిధులు లేవా? నిధులు వచ్చాయి గానీ కళాకారుల జాబితా సిద్ధంగా లేక వెనక్కి పోయాయా? ఈ నాలుగూ వేరు వేరు రోగాలు, మందులూ వేరు. నేను చూసినంతలో చివరిది ఎక్కువగా బాధపెట్టేది. డబ్బు ఉండి, ఇవ్వాలన్న మనసూ ఉండి, ఎవరికివ్వాలో తెలియక ఆగిపోవడం అన్నమాట. గుర్తింపు కార్డు ఉన్న కళాకారుల జాబితా ఆ సంస్థ దగ్గర 2020 మార్చి నాటికే ఉందా, ఉంటే ఎప్పుడు తయారైంది, అందులో ఏయే కళారూపాల వాళ్ళున్నారు అన్నది విడిగా అడగండి.

రద్దయిన కార్యక్రమాల గురించి అడగకపోతే సర్వే సగమే

చిత్తూరు ప్రాంతం తెలిసినవాళ్ళకు దీన్ని పెద్దగా చెప్పనక్కర్లేదు. మన వైపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజు తపస్సు మాను ఎక్కడం, చివరి రోజు మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ, భీముడి గద, ఆ సాయంత్రం అగ్నిగుండం. పద్దెనిమిది రోజుల ఉత్సవం ఒక్కో ఊళ్ళో అయిపోగానే బృందం ఇంకో ఊరికి పోతుంది. ఏడాది తిండి గింజలు ఆ నాలుగు నెలల్లోనే సంపాదించుకోవాలి. దేశమంతా లాక్‌డౌన్ పడింది 2020 మార్చి 25న, ఉగాది రోజు. సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళకు. మరుసటి ఏడాది మే 5 నుంచి రాష్ట్రంలో పగటి కర్ఫ్యూ. వరుసగా రెండు సీజన్లు పోయాయి. గంగజాతరలు ఎప్పటిలా జరగలేదు. తిరుమలలో 2020 మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాటేదాకా భక్తులకు దర్శనమే లేదు, ఇక భజన మండళ్ళ మాట ఎక్కడిది.

కాబట్టి సంస్థలను ఇలా అడగండి: "2020 మార్చి నుంచి 2021 జూన్ వరకు మీరు నిర్వహించాల్సి ఉండి రద్దయిన కార్యక్రమాలు ఎన్ని? వాటికి కేటాయించిన సొమ్ము ఏమైంది? బుక్ చేసుకున్న కళాకారులకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే వాళ్ళ దగ్గరే ఉంచారా, తర్వాతి కార్యక్రమానికి సర్దుబాటు చేశారా, వెనక్కి తీసుకున్నారా?" కొత్తగా సాయం చేయడానికి జీవో కావాలి. ఒప్పుకున్న కార్యక్రమం డబ్బును వదిలేయడానికి చాలాసార్లు ఒక అధికారి నిర్ణయం సరిపోతుంది. ఏ సంస్థ ఆ నిర్ణయం తీసుకుంది, ఎవరు అనుమతించారు అన్నది బయటికి వస్తే ఇంకోసారి విపత్తు వచ్చినప్పుడు చూపించడానికి ఒక దారి దొరుకుతుంది. మీ సర్వేలో ఎక్కువ సమయం దీనికి పెట్టండి.

ఊరి ఉత్సవ కమిటీలు ప్రభుత్వ సంస్థలు కావు కాబట్టి మీ ఫారంలోకి రావు. వాటి సంగతి కళాకారుల నుంచే తెలుసుకోవాలి.

ప్రశ్న రాసే తీరు

"మీ కార్యాలయం కళాకారులకు తగినంత సాయం అందించిందా?" అని మీ ప్రశ్నలో ఉదాహరణగా రాశారు. దీన్ని తీసేయండి. సంతకం పెట్టి పంపే కాగితం మీద ఏ ఉద్యోగీ "లేదు" అని రాయడు. అభిప్రాయాలు కాగితం మీద వద్దు, పక్కన కూర్చుని మాట్లాడేటప్పుడు అడగండి. కాగితం మీద తేదీ, ఉత్తర్వు నంబరు, మొత్తం, లబ్ధిదారుల సంఖ్య, ఏ కళారూపం, మగవాళ్ళెంతమంది ఆడవాళ్ళెంతమంది అన్నవి చాలు. కాలాన్ని "కరోనా సమయంలో" అని రాయొద్దు, "2020 ఏప్రిల్ 1 నుంచి 2021 మార్చి 31 వరకు" అని ఆర్థిక సంవత్సరం లెక్కన రాయండి. వాళ్ళ రిజిస్టర్లు అలాగే ఉంటాయి. తెలిసిన అంకెలు మీరే ముందుగా నింపి తీసుకెళ్ళండి. ఖాళీ ఫారం చూస్తే ఎవరికైనా టెన్షన్. సగం నింపినది చూస్తే "ఇది తప్పు సార్, ఇంత" అని వాళ్ళే దిద్దుతారు.

ఫారాన్ని ముందు ఈ రెండు జిల్లాల్లో పరీక్షించొద్దు. ఉన్నదే చిన్న జాబితా. కడపలోనో నెల్లూరులోనో ఒకట్రెండు ఆఫీసుల్లో చూసుకోండి. రిటైరైన సూపరింటెండెంట్ ఎవరైనా తెలిస్తే ఇంకా మంచిది, ఏ ప్రశ్న ఏ సెక్షన్‌కు పోతుందో ఆయన చూడగానే చెప్పేస్తారు.

ఆఫీసుకు వెళ్ళడం

యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద మీ గైడు సంతకంతో కవరింగ్ లెటర్, అధికారి పేరు మీద కాకుండా హోదా మీద. బదిలీ అయినా ఉత్తరం చెల్లుతుంది. తపాలా సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. మీ కాపీ మీద స్టాంపు లేకుండా బయటికి రావద్దు. తర్వాత ఫోన్‌లో ఆ నంబరు చెప్తేనే మాట కదులుతుంది. వారం పది రోజులకు ఏ సెక్షన్‌కు మార్క్ చేశారో కనుక్కుని ఆ సీటు దగ్గరికే వెళ్ళండి. రాష్ట్ర స్థాయి సంస్థలకు విజయవాడ వెళ్ళే ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి. తంజావూరు, నాగపూర్‌లకు ఇంగ్లిష్‌లో ఈమెయిల్, ఆపై ఫోన్.

మార్చిలో అడగొద్దు, బిల్లుల హడావుడిలో ఎవరూ తలెత్తరు. టీటీడీ వాళ్ళను బ్రహ్మోత్సవాల ముందు అడగొద్దు. కాణిపాకం వాళ్ళను వినాయక చవితి నుంచి ఇరవై ఒక్క రోజులు వదిలేయండి. జూన్, జులై నెలలు అనువు.

సమాచార హక్కు చట్టం ఎప్పుడు వాడాలి?

చాలామంది మొదటే ఆర్టీఐ పెట్టేస్తారు. నేను ఆఖర్న పెట్టమంటాను. దరఖాస్తు పడగానే ఆ ఆఫీసు మిమ్మల్ని ఎదుటి పక్షంగా చూడటం మొదలుపెడుతుంది. అడిగినంతే, అడిగిన మాటల్లోనే జవాబు వస్తుంది. క్యాష్ బుక్ తెరిచి చూపించే చనువు ఇక ఉండదు. ముందు చట్టంలోని సెక్షన్ 4(1)(బి) కింద సంస్థలు తమంతట తామే వెల్లడించాల్సిన సమాచారం వాళ్ళ వెబ్‌సైట్లలో చూడండి. బడ్జెట్ పుస్తకాలు చూడండి. జీవోలు వెతకండి. 2021 ఆగస్టు తర్వాత కొంతకాలం మన రాష్ట్రంలో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు కాబట్టి ఆ కాలానివి కనబడకపోతే లేవని అనుకోకండి, సరిగ్గా మీ వరదలు ఆ కాలంలోనే వచ్చాయి. ఆ తర్వాత సర్వే. రెండు మూడుసార్లు వెళ్ళినా కదలని చోట మాత్రం పది రూపాయల ఫీజుతో, ఒక్కో దరఖాస్తులో రెండు మూడు ప్రశ్నలు మించకుండా ఆర్టీఐ వేయండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీరు అడిగిన సమాచారం వేరే ఆఫీసుదైతే వాళ్ళే ఐదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి. జిల్లాల విభజన వల్ల ఫైలు ఎక్కడుందో తెలియనప్పుడు ఈ నిబంధన బాగా పనికొస్తుంది.

లబ్ధిదారుల పేర్లు, ఆధార్, ఖాతా నంబర్లు అడగొద్దు, ఇచ్చినా తీసుకోవద్దు. సంఖ్యలు చాలు. అధికారుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రాష్ట్రంలో ఒకే ఒక్క సంస్థ ఉన్నప్పుడు పేరు తీసేసి "ఒక అకాడమీ అధికారి" అని రాసినా అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పేరు బయటికి రాదని మాట ఇచ్చే ముందు ఆ మాట నిలబెట్టుకోగలరా ఆలోచించండి. నిలబెట్టుకోలేరనుకుంటే ముందే చెప్పి, అధికారిక జవాబు మాత్రమే తీసుకోండి.

కళాకారుల వైపు

సంస్థలు మాత్రమే మీ టాపిక్ అని తెలుసు. అయినా ఐదారు బృందాలను కలవండి. వీధినాటకం ఒకటి, హరికథ ఒకటి, డప్పులు లేదా పంబలు, చెక్కభజన, కలంకారీ, ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న కోలాటం బృందం ఒకటి. వాళ్ళ పాస్‌బుక్ ఎంట్రీలను సంస్థలిచ్చిన తేదీలతో పోల్చుకోండి. ప్రకటన వచ్చిన తేదీకి, డబ్బు చేతికొచ్చిన తేదీకి మధ్య ఎన్ని నెలలు పట్టిందో అక్కడే తేలుతుంది. అత్యవసర సాయమన్నాక ఆ ఎడం ఎంతన్నదే అసలు లెక్క. ఆ నెలల్లో వాళ్ళు ఏం చేశారో కూడా రాసుకోండి. ఉపాధి హామీ పనికి వెళ్ళారా, వడ్డీకి తెచ్చుకున్నారా, మృదంగం తాకట్టు పెట్టారా? తాకట్టు పెట్టినది విడిపించుకోలేకపోతే ఆ బృందం మళ్ళీ మేళం కట్టలేదు.

లెక్కలు రాసేటప్పుడు శాతాలు వాడొద్దు. ఇరవై రెండింటిలో పదమూడు జవాబిచ్చాయంటే అలాగే రాయండి, "59 శాతం" అంటే ఏదో వేలమందిని అడిగినట్టు ఉంటుంది. సగటు కూడా వద్దు. ఒక పెద్ద సంస్థ అంకె మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ఒక్కో సంస్థకు ఒక్కో వరుసతో పట్టిక వేస్తే చదివేవాళ్ళకే అర్థమవుతుంది. జవాబివ్వని సంస్థలకూ ఆ పట్టికలో వరుస ఉండాలి, ఎన్నిసార్లు అడిగారో, ఇన్‌వర్డ్ నంబరు ఎంతో అందులో రాయండి.

ఇప్పుడు చేయాల్సింది జాబితా. పైన చెప్పిన సంస్థలు ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని ఎదురుగా 2020-21 రికార్డు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో కనుక్కుని నింపండి. దానికోసం ముందు చిత్తూరు కలెక్టరేట్‌కు వెళ్ళండి, తిరుపతికి కాదు. జాబితా, రెండు పేజీల ఫారం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ప్రశ్న ప్రశ్నకూ ఏది ఏ సెక్షన్‌కు పోతుందో రాసి ఇస్తాను.